వలస లెక్కలకు రానిదాన్ని

పోయిన వారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక అమ్మాయి, బొగ్గు గనుల కంపెనీ కట్టిన సెంటినరీ కాలనీలో మేముండే మా అబ్బాయి క్వార్టరుకు వచ్చి, సెల్‌ఫోను బల్ల మీద పెట్టి, నా పేరూ సొంత ఊరూ చెప్పమంది. ఆమె మా చెల్లె దగ్గర చదువుకుంటున్న పిల్ల. మా చెల్లె ఢిల్లీలో ప్రొఫెసరు. జనం ఊళ్ళు విడిచి ఎందుకు పోతారు, ఎక్కడ ఆగుతారు, వాళ్ళ వెంట వచ్చిన కొత్త పద్ధతులు ఆ చోటును ఎలా మారుస్తాయి, సర్కారు వాళ్ళ కోసం ఏం చెయ్యాలి అన్నదే ఆమె జీవితమంతా చేసిన పరిశోధన. ఆ పిల్ల మామూలుగా అడిగిన ఆ ప్రశ్న కోసం నేను ఎన్నేళ్ళుగా కాచుకున్నానో ఆమెకేం తెలుసు? ఇంటికి పెద్దబిడ్డలుగా పుట్టిన నా ఈడువాళ్ళకైతే విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇదే ప్రశ్న మా చెల్లె ఒకప్పుడు మా బాపును అడిగింది. అప్పటికి అమ్మ పోయింది, బాపు గని పని నుంచి రిటైరై గోదావరిఖనిలో మా దగ్గరే ఉండేవాడు. నేను కంపెనీ బడిలో టీచరును. బడికి పోయేముందు ఆయనకు వేడినీళ్ళు పెట్టడం, వచ్చాక దగ్గు మందు తాగించడం, నెలకోసారి దవాఖానకు తీసుకుపోవడం, ఆయనకు నచ్చిన మెత్తటి అన్నం వేరేగా వండడం అన్నీ నా పనులే. అవి నాకు బరువని నేనెన్నడూ అనుకోలేదు, కానీ బాపు మాట మాత్రం నాకు దక్కలేదు. ఆయన మాటల మనిషి కాదు. చిన్నప్పుడు డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేసి మంచం మీద కూర్చున్నప్పుడు, నేను పక్కన చేరి గనిలో ఎట్లా ఉంటుందని ఎన్నిసార్లు అడిగానో! ప్రతిసారీ ఒకటే జవాబు, "ఏముంటది బిడ్డా, బొగ్గు దీసుడే." గోదావరి అవతలి పల్లె నుంచి వచ్చాడన్నది తప్ప ఆయన గురించి నాకేమీ తెలియదు.

ఆ వేసవిలో చెల్లె తన చదువు కోసం టేపురికార్డరు పట్టుకుని దిగింది. ఎవరినైనా ఒకే వరుసలో అడగాలని, సొంత తండ్రినైనా పరాయివాణ్ణి అడిగినట్టు 'మీరు' అనే అడగాలని వాళ్ళ సారు చెప్పాడట. బాపు ఆ రోజు తల దువ్వుకుని, ఆదివారం చర్చికి మాత్రమే వేసుకునే తెల్లచొక్కా తొడుక్కుని, ఎన్నడూ కూర్చోని కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "మీ పేరేందండీ?" అని చెల్లె అడగగానే వంటింట్లో నాకు నవ్వాగలేదు. బాపు నవ్వలేదు. ఇంటిపేరుతో సహా తన పేరు నిదానంగా చెప్పి, "రాసుకోండి మేడం" అన్నాడు. కన్నబిడ్డను మేడం అన్నాడు! మిషన్ ఆపితే బిడ్డా, తిప్పితే మేడం.

ఇక మొదలుపెట్టాడు. మధ్యాహ్నాలన్నీ మాటలే. మొదటిసారి గనిలోకి దిగిన రోజు, "చీకటి జూసి పానం పోయినట్టయింది మేడం. ఎవ్వలకు జెప్పకుంట ఊరికి ఉరికిన. మా అవ్వనే మల్ల తోల్కొచ్చింది" అన్నాడు. మా నాయనమ్మ ఆయన వెంట నడిచి వచ్చి, షిఫ్టు ముగిసి ఆయన పైకి వచ్చేదాకా గని బయట చెట్టు కింద నిలబడేదట. ఒకే గుడిసెలో వేరువేరు ఊళ్ళవాళ్ళు ఉంటూ ఒకడు డ్యూటీకి లేస్తే ఆ మంచం మీదే ఇంకొకడు పడుకునేవాడట. తట్టలతో బొగ్గు మోసే ఆ కాలంలో భుజం ఒరుసుకుపోతుంటే బాపు తట్ట అంచుకు సైకిలు ట్యూబు ముక్క చుట్టాడట, అది చూసి తక్కినవాళ్ళూ చుట్టుకున్నారట. చెల్లె ఆ ముక్క వినగానే కళ్ళు మెరిపించి మళ్ళీ మళ్ళీ అడిగింది. పల్లె నుంచి వచ్చినవాళ్ళు పనిలో తెచ్చిన కొత్తదనమంటే అదేనట. అట్లాంటి ట్యూబు ముక్కతోనే నేను బడి పుస్తకాలు కట్టుకుని పోయేదాన్ని, అది ఎక్కడిదో బాపు ఎన్నడూ చెప్పలేదు.

నాకు కడుపు మండిపోయింది. ఈ మాట అనడానికి నేనేం సిగ్గుపడను. ఆయన దగ్గు విని అది పొడిదగ్గో కఫమో చెప్పగలిగేదాన్ని నేను, సెలవులకు వచ్చి పోయే ఆమెకేమో ఆయన జీవితమంతా విప్పి ఒళ్ళో పోశాడు. ఒకసారి ఉండబట్టలేక వంటింటి గుమ్మంలోకి వచ్చి నేనూ ఏదో అడగబోతే, నా గొంతు టేపులో పడుతుందని చెల్లె వేలు నోటి మీద పెట్టింది. ఆ టేపుల్లో నా వంతుకు వచ్చినవి కుక్కర్ కూతలు.

కాకపోతే ఒక్క సుఖం ఉండేది. చెల్లె ఆ టేపులు వెనక్కీ ముందుకీ తిప్పుకుంటూ మా కిటికీ పక్కన కూర్చుని ప్రతి మాటా చేత్తో రాసేది. దగ్గులో మాట మునిగిపోయినచోట, "గీడ బాపు ఏమన్నడే అక్కా?" అని నన్నే పిలిచేది. నేను చెవి పెట్టి విని చెప్పేదాన్ని, నాకు తెలియని దగ్గు లేదు కదా.

ఒకరోజు ఆమె రాతను ఎట్లా విభజించిందో చూపించింది. ఒక భాగం ఇక్కడికి వచ్చినవాళ్ళది, ఇంకొకటి ఇక్కడి నుంచి సూరత్‌కో దుబాయికో పోయినవాళ్ళది. మరి నేనెక్కడ వస్తానని అడిగాను. "నువ్వు గీడనే పుట్టినవ్, గీడనే ఉన్నవ్ గదనే అక్కా, వలస లెక్కలకు రావు" అని నవ్వేసింది. పెళ్ళికి ముందు నాకూ హైదరాబాదులో చదువుకునే సీటు వచ్చింది. అమ్మకు ఒంట్లో బాగాలేక నేనే వద్దనుకున్నాను. ఆ ఉండిపోవడానికి ఏ పరిశోధనలోనూ ఒక పేజీ లేకపోయింది. బాపు పోయాక జ్ఞాపకార్థ కూడికకు వచ్చిన బంధువులు, "బిడ్డంటే గట్లుండాలె, బాపు ముచ్చట పుస్తకంల కెక్కిచ్చింది" అని చెల్లెను మెచ్చుకుంటుంటే నేను పంక్తిలో పప్పు వడ్డిస్తున్నాను.

అందుకే ఆమధ్య చెల్లె ఫోను చేసి, బొగ్గు అయిపోయే రోజుకు ఇక్కడివాళ్ళ బతుకు ఏం కావాలో సర్కారుకు చెప్పడానికి, "ఈసారి ఉండిపోయినోళ్ళనే అడుగుతున్నం అక్కా" అంటే, ఆమే వస్తుందనుకున్నాను. గంజి పెట్టిన చీర తీసి ఉంచాను. వచ్చింది ఆ పిల్ల. అయినా చెప్పాను, బడిలో ఒక్కో పిల్లవాడి నోట ఒక్కో ఊరి యాస వినబడిన రోజుల నుంచి, ఇప్పుడు తాళాలు పడుతున్న క్వార్టర్ల దాకా, వదులుకున్న సీటు దాకా అన్నీ చెప్పాను. చివరికి, మా చెల్లె ఇదంతా వింటుందా అని అడిగాను. వినక్కర్లేదట. ఫోనే మాటలన్నీ రాసేస్తుందట, అందరివీ కలిపి సారాంశం తీస్తుందట, మేడం ఆ సారాంశం చూస్తారట. ఎంత సులువైపోయిందో కదమ్మా అని ఆ పిల్ల సంబరంగా అంది, నేనూ తలూపాను.

నిజంగానే సులువైపోయింది. ఇప్పుడు ఎవరూ టేపు వెనక్కి తిప్పరు, ఇక్కడేమందని ఎవరినీ పిలిచి అడగరు. నాకూ ఈమధ్య దగ్గు వస్తోంది. ఆ పిల్లతో మాట్లాడుతున్నప్పుడు కూడా వచ్చింది, అందులో మునిగిన మాటలు ఏమైపోతాయో తెలియదు.

ఇన్నేళ్ళూ చెల్లెను చూసి కుళ్ళుకున్నాను. ఆ సాయంత్రం గంజి చీర మడత పెడుతూ గోడ మీది బాపు ఫోటో వంక చూస్తే, అందులో ఆ తెల్లచొక్కా కనబడి, ఆయన మీదే మొదటిసారి కుళ్ళు పుట్టింది. ఆయన ముందు కూర్చుని అడిగింది మా చెల్లె.