బోర్డుల మీద పసుపు

మా కంప్యూటర్ సారు పోయాడని మొన్న పొద్దున పాలామె చెప్పింది. గుండె పట్టుకున్నదట, దవాఖానకు చేరనే లేదట.

నల్లగొండలో ఆయన పాఠాలు చెప్పే సెంటర్‌లో నేను ఊడ్చేదాన్ని. ఉరిమితే భయం, కరెంటు పోతే భయం నాకు. "అవ్వా, నీ ఫికర్ల నుంచి కరెంటు తీస్తే ఊరంత లైటు బుగ్గలు ఎలుగుతయ్" అని నవ్వేవాడు. మధ్యాహ్నం తన సద్దిలో సగం నాకు పెట్టనిదే ముద్ద ముట్టేవాడు కాదు.

ఒక ఏడాది కొత్త పాఠాలు సెంటర్‌లోని ఆరు పాత కంప్యూటర్ల మీద నడవలేదు. యజమాని తుక్కుకు వేస్తానన్నాడు.

"జర ఆగున్రి. లోపల కొత్త బోర్డులు ఏస్తే ఇంకో మూడేండ్లు నడుస్తయ్" అన్నాడు సారు.

"దసర ఎల్లినంక చూపియ్యి. నడవకుంటే డబ్బాలతోపాటు నువ్వు గూడ మెట్లు దిగు."

సారు పదిరోజులు కూర్చుని ఆరింటికీ బోర్డులు బిగించాడు. పండుగకు కట్టంగూరు పోతూ, "ఆయుధపూజకు పైన బొట్టు పెట్టు అవ్వా, చాలు" అన్నాడు.

పైన పెట్టాను. కానీ మనసు ఊరుకోలేదు. కొత్తవి లోపలున్నాయి కదా, యజమాని దిష్టి వాటి మీదే కదా అనుకున్నాను. సారు మూతలకు ఇంకా మరలు వేయలేదు. ఎత్తి, తడి పసుపు ప్రతి బోర్డుకూ రాసి, కుంకుమ అద్దాను.

పండుగ వెళ్ళాక యజమాని ముందర సారు మెయిన్ స్విచ్ వేశాడు. టప్పుమంది. కాలిన వాసన. సారు ఒక మూత ఎత్తి చూశాడు. నా వైపు చూశాడు. మూత దించేశాడు.

"నేనే తప్పు బిగించిన" అన్నాడు.

"పెద్ద డాక్టరువు! పాణమున్నదాన్ని కోసి సంపినవ్ గదరా" అన్నాడు యజమాని. పిల్లలంతా చూస్తుండగా ఆరు డబ్బాలూ ఆయన చేతనే తుక్కుబండి దాకా మోయించాడు. నన్ను చూపించి, "గీ ముసలామె నయం. ఊడుస్తది, ఏదీ చెడగొట్టది" అన్నాడు.

నేను చీపురు పట్టుకుని నిలబడ్డాను. నోరు తెరిస్తే నా పని పోతుందని భయం.

తర్వాత సారు నార్కట్‌పల్లి హోటల్లో టోకెన్లు రాశాడు. మళ్ళీ ఏ మిషన్‌నూ ముట్టలేదు. బస్సుకాడ కలిస్తే "పాణం మంచిగున్నదా అవ్వా?" అనేవాడు. అంతే. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ అన్నం దిగదు.

మొన్న శవం దగ్గర ఆయన భార్య చుట్టాలతో అంటున్నది: "ఆ చెయ్యే మంచిది కాదు. ముట్టిందల్లా కాలిపాయె. నేను గూడ రోజూ అదే అన్న."

ఇక ఆగలేక అంతా చెప్పాను.

ఆమె నా వైపు తిరిగింది. "నిన్న చెప్తే ఇనేటోడు గదవ్వా" అన్నది.

తర్వాత నాకు వీపు పెట్టి, దుప్పటి కింది నుంచి ఆయన కుడిచెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుని, ఒక్కొక్క వేలే నిమురుతూ కూర్చున్నది.