ముఖచిత్రానికి దొరికిన చూపు

పత్రిక ముఖచిత్రం మీద ఉండే మనిషి పాఠకుడి కళ్లలోకి సూటిగా చూడాలి. ఈ మాట నేను కనిపెట్టింది కాదు గానీ, మా కాలేజీలో దాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగింది మాత్రం నేనే. తిరుపతిలో జర్నలిజం డిగ్రీ చివరి ఏడాది. ఇద్దరేసి చొప్పున జతకట్టి ఒక పత్రిక నమూనా తయారుచేయమన్నారు. కుర్రకారు కోసం సంగీత పత్రిక పెడదామన్నాను. నా జతగాడు సరేనన్నాడు. వాడిది ఐరాల దగ్గర ఒక పల్లె. వాడి పేరు రాయను. ఒకసారి వాడి ముఖాన్ని అడగకుండా వాడుకున్నాను, అది చాలు.

వాడు బెంచీ మీద వేళ్లతో వాయించేవాడు. పాఠం జరుగుతున్నా, క్యాంటీన్లో టోకెన్ కోసం నిలబడినా వాడి వేళ్లు ఊరుకునేవి కావు. ఏ పాటైనా ఒక్కసారి వింటే దాని దరువు చేతికి వచ్చేసేది. పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రాతో ప్యాడ్లు వాయిస్తానని క్లాసులో చెప్పుకున్నాడు. అందరితో పాటు నేనూ నమ్మాను. మా నాన్నది కొండమీద దేవస్థానం ఆఫీసులో ఉద్యోగం, మా తాత గుడిలో పారాయణం చేసి బతికినవాడు. అలాంటి ఇంట్లో పుట్టి కూడా ఎవర్నీ కులం అడగనని నాకు పెద్ద గొప్ప. అడగాల్సిన అవసరం నాకు ఎన్నడూ రాలేదన్న సంగతి అప్పట్లో తట్టలేదు.

అంతకు ముందు ఏడాది వాడు అలిపిరి రోడ్డు వైపు గది వెతుక్కుంటూ, ఊరికే తోడు రమ్మని నన్ను పిలిచాడు. ఆ ఇంటాయనకు మా నాన్న తెలుసు. నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లు తెప్పించాడు. వాడి వైపు తిరిగి, మీరేమోళ్లప్పా అని అడిగాడు. రైతులం అన్నాడు వాడు. ఇంటాయన నా ముఖం చూశాడు, నేను నవ్వాను. మేడమీద గది వాడికి దొరికింది. స్నేహితుడికి సాయం చేశానని ఆ పూటంతా తెగ సంబరపడ్డాను. నన్నెందుకు వెంట తీసుకెళ్లాడో అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది.

పత్రిక పనిలో మొదటిది పాఠకులెవరో తెలుసుకోవడం. ప్రశ్నల కాగితం ఒకటి రాసి, జిరాక్సులు తీసి, మా కాలేజీలోనూ బస్టాండు దగ్గరా పంచాం. ఏం వింటారు, ఎక్కడ వింటారు, పాటల గురించి చదవడానికి డబ్బు పెడతారా, ఎలాంటి ముఖచిత్రం చూస్తే చేతిలోకి తీసుకుంటారు. పాత పుస్తకాల అంగడిలో దొరికిన పత్రికలన్నీ తెచ్చి నేల మీద పరిచి, ఏ బొమ్మ ఎటు చూస్తోందో రాసుకున్నాం. చివరి ప్రశ్న నా సొంతం: మీ ఊళ్లో ఎదురుగా నిలబడి విన్న సంగీతం ఏది? చాలామంది ఖాళీగా వదిలేశారు. కొందరు మాత్రం చావు పలక అని రాసి పక్కన నవ్వే బొమ్మ గీశారు. డప్పును మా వైపు పలక అంటారు. చావుకైనా జాతరకైనా అదే. ఆ జవాబులు గట్టిగా చదువుతుంటే క్లాసంతా నవ్వింది. వాడూ నవ్వాడు. అందరికంటే కాస్త ఎక్కువే నవ్వాడు.

నాకు మాత్రం నిధి దొరికినట్టయింది. మిగతా జట్లన్నీ సినిమా పాటల చుట్టూ తిరుగుతున్నాయి, మనం పలకను ముఖచిత్రం మీద పెడదామన్నాను. ఎవరు చదువుతారు, వద్దులే అన్నాడు వాడు. బద్ధకమనుకున్నాను.

మా ఇంటికి ఏటా బెల్లం తెచ్చే ఐరాల రైతు ఒకాయన ఉన్నాడు. ఆయనకు ఫోను చేస్తే, పక్క పల్లెలో ఒక పెద్దాయన పోయాడనీ మర్నాడు పొద్దున ఎత్తుతారనీ చెప్పాడు. మా వాడు ఇంట్లో పని ఉందని అప్పటికే ఊరికి పోయి ఉన్నాడు. ఆ పనేమిటో అడగాలని నాకు తోచలేదు. కెమెరా అరువు తెచ్చుకుని తొలి బస్సెక్కాను. ఒక మనిషి చావుకు పోతూ, ఎండ ఏ వైపు నుంచి పడుతుందా అని దారంతా లెక్కలు వేసుకున్నాను.

వీధి చివర గడ్డి మంట వేసి ఐదారుగురు పలకలు కాచుకుంటున్నారు. వేడికి తోలు బిగిస్తే గానీ మోత పలకదు. పాడె లేవగానే దరువు మొదలైంది. ఫోనులో ఎన్నిసార్లు విన్నా, ఎదురుగా నిలబడి వింటే అది వేరు. రొమ్ము లోపలి నుంచి ఎవరో కొడుతున్నట్టుంటుంది. కెమెరాకు కన్ను ఆనించి వరస వెంబడి నడిచాను. నాలుగో మనిషి దగ్గర ఆగిపోయాను. మోకాళ్ల దాకా మడిచిన లుంగీ, భుజానికి పలక, పక్కన అచ్చం వాడి పోలికలతో వాళ్ల నాయన. వాడు నన్ను చూశాడు. చేతులు ఆగలేదు. పాడె నడుస్తుండగా ఆపడానికి వీల్లేదు. కళ్లు మాత్రం నా మీదే నిలిపాడు. నేను నొక్కాను. ఒక్కసారి కాదు, వేలు తీయకుండా నొక్కుతూనే ఉన్నాను.

మధ్యాహ్నం బస్సు కోసం నిలబడి ఉంటే వాడే వచ్చాడు. స్నానం చేసి, కాలేజీకి వేసుకొచ్చే చొక్కా తొడుక్కున్నాడు. ఫోటోలు చూపించమన్నాడు. ఒక్కొక్కటే జరుపుతూ అన్నీ చూశాడు.

"బాగుండాయి. కాలేజీలో నా మొగం మాత్రం ఎవురికీ సూపించొద్దబ్బా. నేనింకా ఆడ ఉండల్ల గదా."

మాటిచ్చాను.

ఆ తర్వాత కొన్నాళ్లు మేమిద్దరం బాగున్నాం. అంత బాగా అంతకు ముందెప్పుడూ లేము. నాకు తెలిసిపోయింది కాబట్టి వాడికి దాచుకునే పని తప్పింది. సాయంత్రాలు మా ఇంటి మేడమీద కూర్చుని చెప్పేవాడు, నేను రాసుకునేవాణ్ణి. శవం ఇంటి ముందు ఉన్నప్పుడు ఒక దరువు, ఎత్తాక ఒకటి, వీధి మలుపు తిరిగేటప్పుడు ఇంకొకటి. అట్టపెట్టె బోర్లించి వాయించి చూపేవాడు. వాళ్ల నాయన చేతి పనితనం గురించి చెప్పేటప్పుడు ముఖం వికసించేది. వ్యాసం వాడి నోటి నుంచి వచ్చిందే, నేను అక్షరాలు దిద్దానంతే. ముఖచిత్రానికి చేతులూ పలకా మాత్రం ఉండేలా ఫోటో కత్తిరించాం. ఆ పని వాడే చేశాడు. కంప్యూటరు తెర మీద మెడ దగ్గర గీత పెట్టి, "ఈడికి సాలు" అన్నాడు.

క్లాసులో నమూనా చూపించే రోజు వచ్చింది. వ్యాసం మాకు ఈ పని అప్పజెప్పిన మేడమ్‌కు బాగా నచ్చింది. ముఖచిత్రం దగ్గరికి వచ్చేసరికి పెదవి విరిచింది. చూపు లేని ముఖచిత్రాన్ని కుర్రవాళ్లు పట్టించుకోరని మీ సర్వేలో మీరే రాశారు కదా, ముఖం ఉన్న ఫోటో తీయలేదా అంది. లేదని ఒక్క మాట అంటే సరిపోయేది. వాడు మూడో బెంచీలో ఉన్నాడు. నేను అటు చూడలేదు. అంత గొప్పగా వచ్చిన ఫోటో నా దగ్గర మూలుగుతోందన్న దురద కొన్నాళ్లుగా నన్ను తొలిచేస్తోంది. ఉంది మేడమ్ అన్నాను.

తెరంతా వాడి ముఖమే. తర్వాత వెనక బెంచీలో ఎవరో వేళ్లతో చావు దరువు మొదలుపెట్టారు. ఇంకొకరు అందుకున్నారు. నవ్వులు. అన్నాళ్లుగా ఆ గదిలో బెంచీ వాయించినవాడు వాడొక్కడే, ఆ పూట వాడి చేతులు మాత్రం ఒళ్లో ఉన్నాయి. మేడమ్ అందర్నీ కసిరింది. ఇది కళ, ఇందులో నవ్వేందుకేముంది, ఆ చూపులో ఎంత ధైర్యముందో చూడండి అంది. నాకు ఇచ్చిన మాట గుర్తొచ్చింది. ఆ పొగడ్త చెవికి ఇంపుగానూ ఉంది. రెండూ ఒకేసారి జరిగాయి, అబద్ధమాడను.

వాడు నాతో గొడవ పడలేదు. నాలుగు తిట్టినా బాగుండేది. వారం తిరక్కుండానే సంగతి ఇంటాయన చెవిన పడి ఫోను చేశాడు, వాడికి కాదు, నాకు. "నీ మొగం సూసి ఇచ్చినాను గదప్పా ఆ గది. ఇంట్లో పూజలు జరుగుతాండాయి. నువ్వే సెప్పి కాళీ సేయించు" అన్నాడు. ఆయనకు ఏమని బదులు చెప్పి ఉండాలో ఇప్పుడు పేజీలకు పేజీలు తోస్తాయి. అప్పుడు సరేనండి అన్నాను. వాడు నా ఫోను ఎత్తకపోతే, ఆ కబురు చెప్పడానికే బండేసుకుని మరీ వెళ్లాను.

అప్పటికే గది ఖాళీ. ఊడ్చి, తడిగుడ్డతో తుడిచి వెళ్లాడు. తాళంచెవి కిటికీలో పెట్టి ఉంది. అంత శుభ్రంగా ఉన్న నేల మీద ఇంటాయన నా ఎదుటే పసుపునీళ్లు చల్లించాడు.

వాడు పరీక్షలకు రాలేదు. మేడమ్ అన్నట్టే నేను ముఖచిత్రం మార్చి వాడి ముఖం పెట్టి ఇచ్చాను. మా నమూనాకు క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. దాని మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి.

రెండేళ్లయ్యాక, వాడు పలమనేరులో పాల కేంద్రంలో పనిచేస్తున్నాడని బెల్లం రైతు చెప్తే వెళ్లాను. క్యాన్లు దించడం, పాలలో వెన్న శాతం చూసి రాయడం వాడి పని. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. ఎదురుగా ఉన్న అంగట్లో టీ ఇప్పించాడు. బస్సులో కూర్చుకున్న మాటలన్నీ గ్లాసు చేతికి రాగానే ఎటో పోయాయి. తప్పు చేశానురా అని మాత్రం అనగలిగాను. వాడు పలమనేరు చలి గురించి మాట్లాడాడు. పలక వాయిస్తున్నావా అని అడిగాను. మానేశానన్నాడు. చదువు ఎందుకు ఆగిందో వాళ్ల నాయనకు ఎవరో చెప్పారట. అప్పటి నుంచి ఆయన వీణ్ణి పిలవడం మానేసి ఒక్కడే పోతున్నాడట. మాట్లాడినంతసేపూ బల్ల మీద వాడి వేళ్లు కదల్లేదు. కదులుతాయేమోనని నేను చూస్తూనే ఉన్నాను.

లేచేటప్పుడు అన్నాడు. "ఆ పొద్దు నీ తట్టే సూసినా గదా. తియ్యొద్దని సూసినా. సేతులు కాళీ లేవు, నోరు తెరిస్తే దరువు తప్పుతాది. ఇంగెట్ల సెప్పేది?"

కనుమ దిగి తిరుపతి చేరేదాకా నాకు ఆ మాటే. నేను తీసిన ఫోటోల్లో అంత మంచిది ఇంకోటి లేదు. ఆ గొప్పంతా వాడు వద్దనడంలోనే ఉంది.

ఈ ఏడాది మేడమ్ ఫోను చేసి, జూనియర్లకు పత్రిక ఎలా తయారుచేయాలో వచ్చి చెప్పమంది. కాలేజీలో దాచి ఉంచిన మా నమూనా ఫైలును అక్కడి నుంచి తీసేయమని అడగవచ్చన్న ఆశతో ఒప్పుకున్నాను. అడిగాను కూడా. ఇన్నేళ్లలో అంతకంటే మంచి నమూనా రాలేదు, దాన్నెలా తీసేస్తాం అంది. పిల్లలందరి దగ్గరా జిరాక్సులున్నాయి. ముఖచిత్రం ఎందుకు ఎంచుకున్నామో వివరించే పేజీలో నా చేతిరాత: "ఇతని చూపు పాఠకుణ్ణి దగ్గరకు పిలుస్తుంది." పక్కన ఎర్ర సిరాతో టిక్కు.

ముందు వరసలో ఒక అమ్మాయి చెయ్యెత్తింది. "సార్, మేం తీస్తే అందరూ మొహం తిప్పేసుకుంటాండారు. ఈయన ఇంత సూటిగా చూసేట్టు మీరెట్ల చేసినారు?"

నన్ను చూడమని నేను చెప్పలేదమ్మా, తీయొద్దని వాడు చెప్తున్నాడు, అన్నాను.

ఆ అమ్మాయి రాసుకోవడం ఆపింది. జిరాక్సు పేజీని కాసేపు చూసింది.

"మరెందుకు తీసినారు సార్?"

బాగా వస్తోందని, అన్నాను.