ఏడ్వని తగరం

“ఆ సీసం మనం పెట్టిన బువ్వలకెళ్లే పోయిందేమో, రూపా.”

విజేందర్ ఈ మాట అన్నప్పుడు అతని భార్య రూప పిల్లకు పప్పన్నం కలుపుతోంది. ఆమె చెయ్యి ఆగిపోయింది. రెండేళ్ల భాగ్యశ్రీ మాత్రం నోరు తెరిచి ముద్ద కోసం చూస్తోంది.

అంతకు ముందు వారం షాద్‌నగర్‌లో వాళ్ల బస్తీ అంగన్‌వాడీకి ఒక పరిశోధన బృందం వచ్చి చిన్నపిల్లల రక్తం తీసుకుపోయింది. భాగ్యశ్రీ రక్తంలో ఉండకూడనంత సీసం ఉందని తేలింది. విజేందర్ మందుల కంపెనీ ల్యాబులో పని చేస్తాడు. కెమిస్ట్రీ చదివినవాడు. సీసం పిల్లల మెదడును ఏం చేస్తుందో అతనికి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. చెప్పకుండానే తెలియడమే అతనికి వచ్చిన కష్టం.

మందు రాయమని అడిగితే దవాఖానలో డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. “ఈ మోతాదుకు మందులు వాడరు. ఎక్కణ్నుంచి వస్తుందో కనుక్కుని ఆపండి. పాలు, గుడ్డు, ఆకుకూరలు పెట్టండి” అంది.

“మరి ఇప్పటిదాకా లోపలికి పోయినదాని సంగతేంది, మేడమ్?”

ఆమె చీటీ తీసుకుని తేదీ రాసింది. తర్వాతి పరీక్షకు ఎప్పుడు రావాలో చెప్పింది.

అప్పటి నుంచి విజేందర్ దొరికిన పరిశోధనా వ్యాసమల్లా చదివాడు. వేలమంది పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించి రాసినవి. సీసం పెరిగినకొద్దీ తెలివి సగటున ఎంత తగ్గుతుందో వాటిలో ఉంది. ఒక్క పిల్లకు ఏమవుతుందో ఎందులోనూ లేదు. అది కనిపెట్టే పని తనే ఇంట్లో మొదలుపెట్టాడు. డ్యూటీ నుంచి వచ్చీ రాగానే పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆవు ఎట్లంటది, ముక్కేది, ఇవి ఎన్ని అని వరసపెట్టి అడిగేవాడు. చెబితే ఆ పూటకు ప్రాణం కుదుటపడేది. చెప్పకుంటే అన్నం సయించేది కాదు.

సీసం ఎక్కడిదో చూడటానికి బృందం వాళ్లు ఒక యంత్రం పట్టుకుని ఇంటికి వచ్చారు. గోడ రంగు, పసుపు, కాటుక, వాకిట్లో మట్టి, ఆట బొమ్మలు అన్నీ చూశారు. చివరికి వంటింట్లో, పిల్లకు బువ్వ వండే ఇత్తడి గిన్నెకు యంత్రాన్ని ఆనించారు. లోపల తెల్లగా మెరిసే తగరపు కళాయి పూతలోనే సీసం ఉంది.

విజేందర్ తల్లి బాలనర్సమ్మ ఒప్పుకోలేదు. “అది మా అత్త ఇచ్చిన గిన్నెరా! స్టీలుకంటె ఇత్తడిల వండితె బలమని ఫోన్ల జూసి నువ్వే అంటివి. కళాయి ఏసింది చోటే మియా. ఆయన కల్తీ జేస్తడా?”

చేస్తాడని ఆ చుట్టుపక్కల ఎవరూ అనరు. చోటే మియా కుర్రతనం నుంచీ షాద్‌నగర్ చుట్టూ ఊళ్లు తిరిగి కళాయి వేసినవాడు. వాకిట్లో చిన్న గుంత తవ్వి, బొగ్గులు పోసి, తిత్తి ఊదేవాడు. కాలిన గిన్నెలో, తగరం అంటుకోవడానికి, నవాసారం పొడి చల్లితే తెల్లటి పొగ లేచేది. ఆ పొగలోనే తగరం కడ్డీ తాకించి దూదితో ఒక్క తిప్పు తిప్పితే గిన్నె అద్దమయ్యేది. పెద్ద గంగాళాలైతే లోపల ఇసుక పోసి, దిగి నిలబడి, నడుము తిప్పుతూ కాళ్లతో తోమేవాడు. “సినిమల చేరిపో మియా!” అని ఆడవాళ్లు నవ్వితే, “హీరోయిన్ దొరుకుతలేదు చెల్లె” అని ఇంకా జోరుగా తిరిగేవాడు. స్టీలు సామాన్లు వచ్చాక కొన్నేళ్లు పని లేక కూలికి పోయాడు. ఈమధ్య జనం మళ్లీ ఇత్తడి అంటుంటే, ఫంక్షన్ హాళ్ల పెద్ద వంట డేగిశాలు కూడా వస్తుంటే, ముసలితనంలో చేతి నిండా పని దొరికింది.

విజేందర్ ఆ గిన్నె పట్టుకుని కోపంగానే పోయాడు. చోటే మియా ఇంటి ముందు తిత్తి బాగుచేసుకుంటున్నాడు. భార్య గులాబ్‌బీ గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది.

“చాచా, నువ్వు ఏసిన కళాయిల సీసమున్నది. నా బిడ్డ రక్తంలకు పోయింది.”

రెండోసారి గట్టిగా చెబితే గాని ముసలాయనకు వినబడలేదు. వినబడ్డాక ముఖం నల్లబడింది. “సీసమా? తౌబా! మా అబ్బా నేర్పిన పని బేటా. కడ్డీ చెవు కాడ వెట్టి వంచాలె. తగరమైతె ఏడుస్తది. సీసం గలిస్తె ఏడ్వది. ఏడ్వని కడ్డీ కొనొద్దన్నడు.”

ఆయన చెప్పింది నిజమే. మంచి తగరాన్ని వంచితే లోపల చిటపటమంటుంది. సీసం కలిసినకొద్దీ ఆ చప్పుడు తగ్గిపోతుంది. విజేందర్ చదువుకున్న పుస్తకంలోనూ ఆ సంగతి ఉంది.

“మరి కొనేటప్పుడు ఇన్నవా?”

చోటే మియా తిత్తి మీదికి వంగాడు. గులాబ్‌బీ చేట పక్కన పెట్టింది. “ఏం ఇంటడు? నేను పక్కన కూసోని పిలిస్తె పలుకడు. తగరం ఏడుస్తె ఇనబడుతదా ఈయనకు?”

“నువ్వు జర నోరు మూయవే” అని ఆయన లోపలికి పోయి రెండు కడ్డీలు తెచ్చాడు. ఒకటి తండ్రి నాటి ముక్క. దాన్ని విజేందర్ చెవి దగ్గర పెట్టి వంచాడు. సన్నగా చిటపటమంది. తనకు వినబడలేదు కనుక విజేందర్ ముఖంలోకి చూశాడు.

“ఏడ్సిందా?”

“ఏడ్సింది చాచా.”

రెండోది పట్నంలో ఒక సేటు దగ్గర కొంటూ వస్తున్న కడ్డీ. వంచాడు. మళ్లీ వంచాడు. విజేందర్‌కు ఏ చప్పుడూ వినబడలేదు. గులాబ్‌బీ లేచి వచ్చి తన చెవి పెట్టింది. తనకూ వినబడలేదని చేత్తో సైగ చేసింది.

“నా చెవులే పాడైనయనుకున్న బేటా” అన్నాడు చోటే మియా. “కడ్డీ ఏడుస్తనే ఉన్నది, నాకే ఇనస్తలేదు అనుకున్న. ఎన్ని ఇండ్లల్ల ఏసిన్నో యాదికి గూడ లేదు.”

తెచ్చుకున్న కోపం ఎక్కడ పెట్టాలో విజేందర్‌కు తెలియలేదు.

అప్పుడే ఇంట్లోంచి ఒక పిల్ల తొంగిచూసి, ముసలాయన అటు తిరగగానే తలుపు వెనక్కి తప్పుకుంది. ఆ పిల్ల చోటే మియా మనవరాలు హఫ్సా. బడికి పోతుంది గాని చదువు పట్టుబడటం లేదు.

“మేం గూడ గవే గిన్నెలల్ల తింటం” అన్నాడు చోటే మియా మెల్లగా. “పంతులమ్మ దీన్ని మొద్దు అంటది. అది గిందుకేనా? నువ్వు చదువుకున్నోనివి, చెప్పు.”

విజేందర్ చదివినవన్నీ తలలో తిరిగాయి. కావచ్చు, కాకపోవచ్చు. వేలమందిని చూసినవాళ్లు కూడా ఈ ఒక్క పిల్ల సంగతి చెప్పలేరు. “తెల్వది చాచా. ఎవ్వలకు తెల్వది” అన్నాడు. అక్కడే నిలబడి బృందం వాళ్లకు ఫోన్ చేశాడు. హఫ్సా వయసు తమ పరిశోధనలోకి రాదని, బయట పరీక్ష చేయించుకొమ్మని అన్నారు. తనే పట్నం తీసుకుపోతానని మాటిచ్చాడు. ఆ పరీక్షలో తెలిసేది ఒక అంకె మాత్రమేనని అతనికి తెలుసు.

“నీ బిడ్డ ఎట్లున్నది?” అడిగాడు చోటే మియా.

“రోజూ చూస్తున్న చాచా. అన్ని అడుగుత. కొన్ని చెప్తది, కొన్ని చెప్పది.”

ముసలాయన తిత్తి పక్కకు జరిపి అతని చెయ్యి పట్టుకున్నాడు. ఆ అరచెయ్యి కాలిన మచ్చలతో గరుకుగా ఉంది.

“అడుగకు బేటా. నేను హఫ్సాను రోజూ ఎక్కాలు అడిగి, అడిగి, చెప్పకుంటె తిట్టిన. గిప్పుడు నేను ఇంట్ల అడుగు పెడితె తలుపెనుక దాసుకుంటది. గిన్నెలు మార్చు, గుడ్డు పెట్టు, డాక్టరు చెప్పిందల్ల చెయ్యి. ఇంటికొచ్చి మాత్రం పిల్లను పరీచ్చ పెట్టకు. ఊకె పక్కన కూసో.”

తర్వాతి రక్తపరీక్ష తేదీ ఇంకా రాలేదు. ఇంట్లో గిన్నెలన్నీ మారాయి. విజేందర్ సాయంత్రం వచ్చి కాళ్లూ చేతులూ కడుక్కుని భాగ్యశ్రీ పక్కన కింద కూర్చుంటాడు. నాలుక చివరికి ప్రశ్నలు వస్తూనే ఉంటాయి. ఏదీ అడగడు.