రంగుకి రంగు కలిపిన తీగ

లారీ మమ్మల్ని గోదావరి గట్టు మీది హైస్కూల్లో దించింది. మధ్యాహ్నమే, అయినా చీకటి. వాన అడ్డంగా కొడుతోంది. వరద డ్యూటీ. ఎదురుగా ఏటి మధ్యన లంక, అందులో జనం, పాడి పశువులు. నాది పాలకొల్లు. ఎక్కడెక్కడి కొండల్లోనో తిరిగినవాణ్ణి, సొంత జిల్లాలో డ్యూటీ పడిందని సంబరపడ్డాను. ఆ సంబరం సాయంత్రం దాకా కూడా ఆగలేదు.

నేను ఆర్మీలో సిగ్నల్స్ వాణ్ణి. ఎగువ నుంచి నీటి మట్టం అంకెలు మా వైర్‌లెస్ పెట్టెకి వస్తాయి. దాన్ని కంప్యూటర్‌కి కలిపితేనే కనిపిస్తాయి. స్కూల్లో ఉన్నది పాతకాలపు కంప్యూటర్. నల్ల తెర, పచ్చ అక్షరాలు. రెండింటినీ కలిపే సీరియల్ కేబుల్ లారీలో వెయ్యడం స్టోర్స్ వాళ్లు మరిచారు. విడి తీగలతో కట్టాల్సి వచ్చింది.

మా సుబేదారు తుని మనిషి. ఫీల్డు టెలిఫోన్ తీగలు లాగి లాగి ముదిరినవాడు. మాకు పద్ధతి ఒకటే: ఎర్రది ఎర్రదానికి, నల్లది నల్లదానికి. ఇక్కడా అలాగే రెండో పిన్నుని రెండోదానికి, మూడోదాన్ని మూడోదానికి కలిపాడు. తెర మీద ఏమీ రాలేదు.

"పంపే పిన్ను పంపేదానికే తగిలింది సార్. రెండూ మాట్లాడుతున్నాయి, వినేది లేదు. ఆ రెండు తీగలూ అటూ ఇటూ మార్చాలి."

"ఏంటోయ్, నాకే తీగ కట్టడం నేర్పుతావా? చెయ్యేశావంటే కోర్టు మార్షలే. నీళ్లు పెరగలేదు, అందుకే ఏమీ రావట్లేదు."

లంక రైతు ఒకాయన తడుస్తూ పడవలో వచ్చాడు. "పశువుల్ని విప్పెయ్యమంటారా అండి? ఏరు పొంగితే ఈదుకుంటూ గట్టెక్కుతాయి. ఊరికే విప్పితే చెల్లాచెదురైపోతాయండి."

"అక్కర్లేదు. వరదొస్తే మా మిషనే చెప్తుంది," అన్నాడు సుబేదారు. రైతు నమ్మి వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆయన భోజనానికి లేవగానే తీగలు మార్చి కట్టాను. తెర నిండా అంకెలు. నీటి మట్టం రెండో ప్రమాద హెచ్చరిక ఎప్పుడో దాటేసింది.

"పడవలన్నీ లంకకి పంపండి, వెంటనే," అని వైర్‌లెస్‌లో అరిచాను. మనుషులందరినీ తెచ్చాం. పశువుల దాకా వెళ్లే వ్యవధి లేకపోయింది.

నీళ్లు తీశాక లంకకి వెళ్లి చూశాం. తిరిగి లారీ ఎక్కుతుంటే ఆ రైతు వచ్చాడు. గొంతు పెంచలేదు. "ఇంకెప్పుడూ మా ఊరు రాకండి అండి," అన్నాడు. సుబేదారు పెట్టెలు సర్దుకుంటున్నట్టు నటించాడు. ఆ సుబేదారుని నేను నేటికీ క్షమించలేదు.

ఇంటికొచ్చి ఏళ్లయింది. కళ్లు మూస్తే అదే కనిపిస్తుంది. పాక కొట్టుకుపోయింది. బురదలో వరసగా గుంజలు. ఒక్కో గుంజకీ పలుపుతాడు, దాని చివర గేదె మెడ. ఒక్క ముడీ ఊడలేదు.