గొయ్యి మేడమ్ గారి ఇస్త్రీ బల్ల

చిన్నప్పుడు ఆమెకొక ఆట ఉండేది. నాన్న గడ్డం గీసుకునే అద్దం ఎత్తుకొచ్చి, ముఖం పైకి ఉండేలా ముక్కు కింద పట్టుకుని, అందులోకే చూస్తూ ఇల్లంతా తిరిగేది. అద్దంలో ఇంటికప్పు నేలైపోతుంది. ఫ్యాను నేలలోంచి పువ్వులా మొలుస్తుంది, దాన్ని తప్పుకుని పోవాలి. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లాలంటే గుమ్మం పైనున్న గోడముక్కను కాలెత్తి దాటాలి. లేని గోడను దాటుతూ కొంగలా నడిచే కూతుర్ని చూసి తల్లి తల పట్టుకునేది. తండ్రి మాత్రం చెంపల నిండా సబ్బు నురగతో వచ్చి, “నా అద్దం ఏదమ్మా?” అని అడిగి, కూతురు చెప్పింది విని, తనూ అద్దం ముక్కు కింద పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గరికి రాగానే ఆయన కాలు దానంతటదే లేచింది.

ఆ లేచిన కాలును ఆమె జీవితంలో మర్చిపోలేదు. అలాంటి కాళ్లను చూడడానికే పెద్దయ్యాక తనకు జీతమిస్తారని అప్పట్లో ఎవరనుకుంటారు?

కంప్యూటర్ చదువులో చేరింది. అక్కడ అందరి గొడవా యంత్రం ఎంత వేగంగా పోతుందన్నదే. ఈమె మాత్రం యంత్రం ముందు కూర్చున్నవాళ్ల వెనక కుర్చీ వేసుకుని, వాళ్లు ఎక్కడ విసుక్కుంటున్నారో, ఏ మీట నొక్కబోయి వేలు వెనక్కి తీసుకుంటున్నారో చూస్తూ కూర్చునేది. పరిశోధనకు దారి చూపాల్సిన ప్రొఫెసర్‌కు ఇది మింగుడు పడలేదు.

“కంప్యూటర్ శాఖలో చేరి మనుషుల్ని చూస్తావేమిటమ్మా?”

“కంప్యూటర్ ఎక్కడికీ పోదు సార్. మనుషులే మధ్యలో లేచి వెళ్లిపోతున్నారు.”

ఆయన నవ్వి సంతకం పెట్టాడు. ఆ తర్వాత కళ్లకు పెట్టుకునే హెడ్‌సెట్లు వచ్చాయి. అది తగిలించుకుంటే ఉన్న గది మాయమై, కంప్యూటర్ గీసిన గది చుట్టూ నిలబడుతుంది. తల తిప్పితే అదీ తిరుగుతుంది. తొలిరోజుల్లో అది ఇటుకంత బరువు. వెనక తోకలా వైరు. పెట్టుకున్నవాళ్లు నడుస్తుంటే వైరు కాళ్లకు అడ్డం పడకుండా, పశువు పలుపు పట్టుకున్నట్టు వెనకాల ఒకరు నడవాలి. ఆ ఇటుకను మొదటిసారి నెత్తిన పెట్టుకున్నప్పుడు ఆమెకు నాన్న అద్దం గుర్తొచ్చి, ఇక ఈ పని వదలకూడదనుకుంది.

ఓడ ప్రయాణం చేసినవాళ్లను రేవులో చూస్తే ఒక తమాషా కనిపిస్తుంది. నేల మీద దిగాక కూడా కాసేపు ఊగుతూనే నడుస్తారు. నోరు “వచ్చేశాం” అంటుంది. కాళ్లు ఇంకా ఓడ దిగవు. ఆమె పరిశోధన మొత్తం ఈ తేడా మీదే. హెడ్‌సెట్ తీసినవాళ్లను అడిగితే “అబ్బే, బొమ్మే కదా” అంటారు. అందుకని ఆమె వాళ్ల నోటిని పక్కనపెట్టి పాదాలను చూసేది.

పాదాల నిజం బయటపెట్టడానికే, తనూ మేడమ్ అయి ఒక ప్రయోగాల హాలు దక్కించుకున్నాక, కంప్యూటర్లో ఒక గొయ్యి గీయించింది. హెడ్‌సెట్ పెట్టుకుంటే హాలు నడుమ నేల తెరుచుకుంటుంది. లోపలికి తొంగి చూస్తే అడుగున అగ్గిపెట్టెంత మంచం. గొయ్యి మీద అడ్డంగా ఒకే ఒక చెక్క. దాని మీద నడిచి అవతలికి పోవాలి. దీని వల్లే ఆమెకు విశ్వవిద్యాలయమంతటా ‘గొయ్యి మేడమ్’ అని పేరు పడింది.

మొదట్లో గొయ్యి ఎవరినీ భయపెట్టలేదు. కళ్లకు చెక్క కనిపించినా, పాదం కింద చదునైన నేలే కదా. కింద నిజంగా ఒక చెక్క ఉంటే, పాదం అంచు గాల్లోకి జారితే? ఆ ఆలోచన ఇంట్లో, అత్తగారు బట్టలు ఇస్త్రీ చేస్తుండగా వచ్చింది. అది పాతకాలపు బల్ల. మందంగా, ఒక పాదం పట్టేంత వెడల్పుతో ఉంటుంది.

“అత్తయ్యా, ఈ బల్ల ఒకసారి తీసుకెళ్లనా? రెండ్రోజుల్లో తెచ్చేస్తా.”

“ఇస్త్రీ చేస్తారుటే మీ కాలేజీలో?”

కాళ్లు ఊడదీసి బల్లను హాలు నడుమ నేల మీద పరిచింది. మర్నాడు దాని మీద నడిచిన మొదటి విద్యార్థి, ‘పొడుగు’ అని అందరూ పిలిచేవాడు, సగం దూరంలో చేతులు రెండూ చాచి, “మేడమ్, నేను వెనక్కి వచ్చేస్తానండీ” అని ఏడుపు గొంతుతో అన్నాడు. ఆ పరిశోధన వ్యాసం ఎక్కడెక్కడికో వెళ్లింది. బల్ల మాత్రం ఇంటికి రాలేదు. బల్ల మారితే పాత ఫలితాలతో కొత్తవాటిని పోల్చలేం, అదీ ఆమె సాకు. సాకే అయినా శాస్త్రీయమైన సాకు. పొడుగు చదువు పూర్తిచేసి అక్కడే ఉద్యోగంలో చేరినా, బల్ల అక్కడే. ఇంట్లో ఆమె భర్త ముడతల చొక్కాలతోనే పెద్ద ఆఫీసరైపోయాడు.

“నీ గొయ్యిలో నా బల్ల పడింది, నా కొడుకు పరువూ పడింది” అనేది అత్తగారు, భోజనాల బల్ల మీద దుప్పటి మడతపెట్టి ఇస్త్రీ చేస్తూ.

ఇంతలో కొత్త డీన్ వచ్చాడు. చోటు దొరకని శాఖల మొరలు వినీ వినీ ఆయన చెవులు చిల్లులు పడ్డాయి. ఎప్పుడు తొంగిచూసినా గొయ్యి మేడమ్ హాలు నడుమ ఖాళీగానే కనిపించింది.

“మీవాళ్లంతా గోడలకు అంటుకుని కూర్చుంటారు మేడమ్. నడుమంతా బోసిగా పడి ఉంటుంది. మధ్యలో గోడ కట్టి సగం ఇచ్చేయండి.”

“సార్, నడవడానికి చోటు లేకపోతే మా పనే లేదు. కూర్చుని చూసేదైతే ఇంట్లో టీవీ చాలు.”

“నేనొచ్చి నడుస్తాను. ఒళ్లు జలదరిస్తే హాలు మీది. లేదంటే మేస్త్రీని పంపుతా.”

అన్నట్టే వచ్చాడు. హెడ్‌సెట్ పెట్టారు. పొడుగు వెనక వైరు పట్టుకున్నాడు. డీన్ బల్ల మీద పక్కవాటుగా, పీతలా, పాదం పక్కన పాదం జరుపుకుంటూ దాటాడు. అవతల మూలకు చేరి హెడ్‌సెట్ తీసి కుర్చీలో కూర్చుని, చెమట తుడుచుకుని, “బాగుంది. మంచి బొమ్మే” అన్నాడు. “కానీ బొమ్మ బొమ్మే కదమ్మా. మేస్త్రీతో రేపే మాట్లాడతా.”

ఆయన పాదాలు ఏం చెప్పాయో, నడిచేవాళ్లను తీసే హాలు కెమెరాలో పడింది. నలుగురి ముందూ అది వేసి చూపిస్తే ఆయన నోరు మూతపడుతుంది. ఆమె చెయ్యి మీట దాకా వెళ్లి ఆగింది. తన మాట నమ్మి కళ్లు మూయించుకుని నడిచినవాళ్ల కాళ్లను నవ్వులపాలు చెయ్యడం ఆమెకు చేతకాదు. హాలు పోయినట్టేననుకుంది. ఇన్నేళ్ల పని సగం గదిలో ఎలా ఇమడుతుందో లెక్క వేసుకుంటూ నిలబడింది.

సరిగ్గా అప్పుడు తలుపు తోసుకుని అత్తగారు వచ్చింది. చేతిలో కాలి మచ్చపడిన దుప్పటి.

“ఏమే అమ్మాయ్, ఇదిగో చూడు! దుప్పటి కాలింది, కింద భోజనాల బల్ల రంగు లేచింది. ఇవాళ నా ఇస్త్రీ బల్ల తీసుకునే పోతాను.”

బల్ల హాలు నడుమ కనబడనే కనబడింది. ఆవిడ చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తిపట్టుకుని తిన్నగా దాని వైపు నడిచింది.

“అమ్మో, ఆగండి!” అని పొడుగు కేకేశాడు. గోడల వెంట కూర్చున్న విద్యార్థులు దిగ్గున లేచారు. అందరికంటే గట్టిగా, కుర్చీలోంచి సగం లేచి, “అమ్మా, అటు వెళ్లకండి!” అని అరిచాడు డీన్.

ఆవిడ ఉన్నచోటే ఆగిపోయింది.

“ఏంటయ్యా? పామా?”

అందరూ ఆవిడ కాళ్ల కింద చూస్తున్నారు. అక్కడున్నది తుడిచిన గచ్చు.

గొయ్యి మేడమ్ తన చెయ్యి గుండె మీద ఉండడం గమనించింది. తనూ ఆపబోయింది! అప్పుడు తెలిసింది. బల్లలు మోసుకెళ్లినా, టీ కప్పులు తెచ్చుకున్నా, ఇన్నేళ్లుగా తామంతా ఈ హాలులో గోడ వెంబడే చుట్టు తిరిగి వెళ్తున్నారు. హెడ్‌సెట్ ఉన్నప్పటి కాళ్లనే కొలిచింది గానీ, తీశాక అవి ఎక్కడ తిరుగుతున్నాయో తను ఒక్కనాడూ చూడలేదు. ముందు చిన్నగా మొదలైన నవ్వు ఆమెకు ఆగలేదు.

డీన్ గచ్చును చూశాడు, కుర్చీని చూశాడు, మళ్లీ గచ్చును చూశాడు.

“నేనెందుకు అరిచాను మేడమ్?”

“అదే సార్, నా తర్వాతి పరిశోధన.”

“అందుకా నడుమంతా ఖాళీ?” ఆయనకూ నవ్వొచ్చింది. “సరే, గోడ మాట మర్చిపోండి. ఇంత లోతు గొయ్యిలో ఏ మేస్త్రీ పునాది వేస్తాడు?”

లేచి తలుపు వైపు బయలుదేరాడు, గోడను చేత్తో తడుముకుంటూ.

“తలుపు ఎదురుగానే ఉందిగా, ఆ చుట్టు తిరుగుడెందుకు బాబూ?” అని అత్తగారు అడిగింది. ఆయన వినపడనట్టు వెళ్లిపోయాడు.

“వీళ్లందరికీ ఏం పెట్టావే నువ్వు?” అంది ఆవిడ కోడలితో. “ఏదీ, ఆ గంతలు నాకూ కట్టు.”

కట్టారు. ఆవిడ బల్ల మొదట్లో నిలబడి కిందికి చూసింది. ఒక పాదం పెట్టింది, తీసింది. “ఆ అడుగున మంచం మీద దుప్పటి కూడా వేశావే” అని మాత్రం అని, కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. సగం దాకా వెళ్లి, “ఇది నా బల్లేనటే? ఇంట్లో ఇంత సన్నంగా ఉండేది కాదే!” అంది.

గంతలు తీశాక పొడుగు బల్లను ఎత్తి ఇవ్వబోయాడు. ఆవిడ చెయ్యి ఊపింది.

“ఉండనీ నాయనా. అది తీసేస్తే జనం అవతలికి ఎలా పోతారు? ఇదిగో అమ్మాయ్, నువ్వు మాత్రం రేపు నాకు కొత్తది కొనిపెట్టు.”

ఇంటికి బయలుదేరారు. తలుపు ఎదురుగానే ఉంది, నడుమ గచ్చు ఖాళీగా మెరుస్తోంది. అత్తగారు ఒక్క క్షణం దాని వైపు చూసి, కోడలి మోచెయ్యి పట్టుకుని గోడ వైపు లాగింది.

“ఇటు పోదాం రావే. ఇదే దగ్గర.”