నౌపడ చర్చి కమాను

దెయ్యాల్ని నేనెప్పుడూ నమ్మలేదు. నా అనుమానమంతా మనుషుల మీదే. ఇరవై ఏళ్ళుగా కట్టుబడి పనులు చేయిస్తున్నవాణ్ణి, ఎవర్నీ ఊరికే నమ్మను.

నౌపడ దగ్గర పాత చర్చిని బాగుచేసే పని నాకు అప్పగించారు. ఉప్పుగాలికి గోడలు పొక్కిపోయాయి. ఎవరో పూసిన సిమెంటు గీకేసి, కరక్కాయ నీళ్ళు, బెల్లం కలిపిన సున్నం పూయాలి. ఆ పని తెలిసినవాడు ఒక్కడే దొరికాడు, సంతబొమ్మాళి అప్పన్న మేస్త్రి.

చిక్కల్లా బలిపీఠం ముందున్న కమానుతోనే. నడినెత్తిన పగులుంది. అది ఇంకా విచ్చుకుంటోందేమో తెలియడానికి అడ్డంగా సన్నటి గాజుముక్క అతికిస్తాం. గాజు పగిలితే గోడ కదులుతున్నట్టే, కమాను విప్పి మళ్ళీ కట్టాల్సిందే.

మూడుసార్లు అతికించాను. మూడుసార్లూ నేను భోజనం చేసి వచ్చేసరికి పగిలి ఉంది. ఆ వేళ లోపల ఉండేది అప్పన్నే. కమాను విప్పితే అతనికి మరో ఆరు నెలల పని. నాకు ఒళ్ళు మండింది. మర్నాడు పొద్దున నువ్వే పగలగొడుతున్నావని కూలీలందరి ముందూ అనేశాను.

"నాను ముట్టలేదు బాబూ. నలపై ఏళ్ళుగా ఇదే పని సేత్తన్నాను, ఎవుడూ నన్ను దొంగనలేదు" అన్నాడు. అయినా పదకొండింటికి ఆటో ఎక్కించి పంపేశాను. కూలీలూ అలిగి వెళ్ళిపోయారు.

కొత్త గాజు అతికించి, నిచ్చెన బయటికి లాగి, తలుపుకి తాళం వేశాను. కిటికీలన్నిటికీ ఇనుప చువ్వలు. మెట్ల మీదే కూర్చుని క్యారేజీ విప్పాను. అరగంట కూడా అవలేదు.

లోపలికి వెళ్తే గాజు గచ్చు మీద ఉంది. ఎక్కడా పగల్లేదు. పైన పగులు కనబడలేదు. నిచ్చెన వేసుకుని ఎక్కి ముట్టుకుంటే వేలికి పచ్చి సున్నం అంటింది. బెల్లం వాసన. మా సున్నం కుప్ప మాత్రం బయట తడిగోనెల కింద, కప్పింది కప్పినట్టే ఉంది.

అప్పన్నే ఎలాగో దూరాడనుకున్నాను. ఆ సాయంత్రం సంతబొమ్మాళి వెళ్ళి ముందు ఇరుగుపొరుగును ఆరా తీశాను. మధ్యాహ్నమంతా అరుగు దిగలేదన్నారు. సిగ్గేసింది. తప్పయిపోయిందని చెప్పి, జరిగిందంతా చెప్పి, రేపు పనిలోకి రమ్మన్నాను.

అప్పన్న అరుగు మీద నుంచే అడిగాడు.

"ఆ సున్నం కలిపేవోడు ఈ సుట్టుపక్కల నాను తప్ప ఎవుడూ లేడు. నన్ను మళ్ళీ ఇరికించడానికి ఈ కత సెప్తన్నారేటి బాబూ?"

అతను పనిలోకి రాలేదు. కమాను నిలబడే ఉంది. ఆ సున్నం ఎవరు పూశారో నాకు ఇప్పటికీ తెలీదు.