మొత్తం కొలత పెట్టగానే ఎర్రబడిన ప్లేటు

చదువు పూర్తయి, చేతికి ఇంకా మసి అంటని ఆ రోజుల్లో, నాకు తెలియనిదంటూ ఒకటి ఉంటుందని నాకు తెలియదు. డిప్లొమా ఉంది, కంప్యూటర్‌లో డిజైన్ నేర్చుకున్న మూడు నెలల సర్టిఫికెట్ ఉంది, దానికి మా అమ్మ వేయించిన లామినేషన్ కూడా ఉంది. మాచర్లలో లేత్ షాపు నడిపే చాచా (నాకు బంధువేమీ కాదు, బజారంతా ఆయన్ని అలాగే పిలిచేది) ఆ లామినేషన్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, "గీతలు గీస్తావా? రేపట్నుంచి రా" అన్నాడు. ఆ షాపులో అది తొలి కంప్యూటర్ ఉద్యోగం. కొద్దిలో ఆఖరిది కూడా అయ్యేదే.

చేరిన వారానికే బండలక్క వచ్చింది. నాపరాళ్ళు కోసే మిషన్లు నడుపుతుంది కాబట్టి ఆ పేరు. ఒక మిషన్‌లో మోటారు కింద ఉండే ఇనప ప్లేటు పగిలింది. "మిషన్ ఆగితే పనోళ్ళు ఊరకే కూర్చుంటారు చాచా, తొందరగా కానియ్యి" అని ఆ ప్లేటును నా కాళ్ళ దగ్గర పడేసి పోయింది. చాచా దాన్ని కొలిచి అంకెలు కాగితం మీద రాసిచ్చాడు. ఆ షాపులో ఒక పద్ధతి ఉంది. ముక్కముక్కకీ కొలత రాయాలి, కింద మొత్తం కొలతా రాయాలి, చేత్తో కోసేవాడు సరిచూసుకోవడానికి. నేను అది చూసి బొమ్మ గీసి, గుంటూరులో లేజర్‌తో కోసేవాళ్ళకు పంపాలి. అరగంట పని అన్నాను. (ఆ అరగంట మూడు రోజులు సాగింది.)

ఆ సాఫ్ట్‌వేర్‌లో గీత గీస్తే సరిపోదు. ఇది నిలువు, అది అడ్డం, ఈ రంధ్రానికీ ఆ రంధ్రానికీ ఇంత దూరం అని ప్రతిదానికీ ఒక కట్టుబాటు పెట్టాలి. కన్‌స్ట్రెయింట్ అంటారు. తక్కువ పెడితే గీతలు నీలంగా ఉండి, పట్టి లాగితే జారిపోతాయి. సరిపడా పెడితే నల్లబడి కుదురుకుంటాయి. ఎక్కువైతే ఎర్రబడి మొండికేస్తాయి. అంచు నుంచి ఎనభై మిల్లీమీటర్లు, రంధ్రం నుంచి రంధ్రానికి నూట ఇరవై చొప్పున మూడుసార్లు, అవతలి అంచుకు మళ్ళీ ఎనభై. అక్కడిదాకా బంగారంలా ఉంది. కాగితంలో ఉన్నట్టే మొత్తం ఆరువందల ఇరవై అని కొట్టాను. తెరంతా ఎర్రబడింది.

ఒక కట్టుబాటు తీసేస్తే రంధ్రం ప్లేటు దాటి బయటికి పోయింది. ఇంకొకటి తీస్తే ప్లేటే పక్కకి ఒరిగింది. ఏది ఎందుకు కదులుతోందో అంతుపట్టలేదు. మౌస్ మార్చాను. కుర్చీ కూడా మార్చాను. చాచా వెనక నిలబడి "ఏందిరా, ఎర్రగా అయింది?" అంటే, "ప్రాసెస్‌లో ఉంది చాచా" అన్నాను. (ఏ ప్రాసెసో దేవుడికే తెలియాలి.) మూడో రోజు బండలక్క వచ్చి, "గీత గీయడానికి మూడు రోజులా తమ్ముడూ? ఈపాటికి నేను చేత్తో కొట్టినా బండ రెండు ముక్కలయ్యేది" అంది. చాచా మాత్రం మెల్లగా చెప్పాడు. "సాయంత్రంలోపు పంపకపోతే ఇక్కడే చేత్తో గ్యాస్ కటింగ్ పెట్టుకుంటా అబ్బాయ్. నువ్వు ఇంకో చోటు చూసుకో."

అప్పుడు పోయింది నా ధీమా. సిగ్గు చంపుకొని కాగితం ఆయన చేతిలో పెట్టాను. చాచా నేల మీద సుద్దతో కూడాడు. అయిదువందల ఇరవై వచ్చింది. కాగితంలో మొత్తం చూసి నాలుక కరుచుకున్నాడు.

"మన టేపు కొస తెగిందిరా. పది సెంటీమీటర్ల గీత కాడ పట్టి కొలిచి, తర్వాత ఆ పదీ తీసేస్తా. ఈసారి మొత్తం కాడ తీయలా. తప్పు నాదే. మరి మూడు రోజులు నన్నడగలా, ఏంది?"

అడగకపోతే పోయె, కాళ్ళకి తగులుతున్న ప్లేటును ఒక్కసారి వంగి కొలిచినా సరిపోయేది. అంకె మార్చి అయిదువందల ఇరవై కొట్టాను. మళ్ళీ ఎర్రబడింది. ఏడుపొక్కటే తక్కువ. చాచా తెర వైపు, కాగితం వైపు చూశాడు. ఆయన జీవితంలో మౌస్ ముట్టలేదు.

"ముక్కలన్నీ చెప్పినాక మొత్తం మనం చెప్పేదేందిరా? అదే వస్తదిగా. ఆ ఒక్కటీ తీసెయ్."

తీసేశాను. బొమ్మంతా నల్లబడి కుదురుకుంది. మొత్తం ఎంతో అదే చూపించింది. బొమ్మ గుంటూరు వెళ్ళింది, బండలక్క మిషన్ తిరిగింది, నా ఉద్యోగం నిలిచింది.

ఇప్పుడు నా దగ్గర నలుగురు డిజైన్ చేస్తున్నారు. ఎర్రగీత వస్తే కంగారు పడకండి, కొలత ఇచ్చినవాళ్ళను అడగండి, అడగడంలో నామోషీ లేదు అని వాళ్ళకు తరచూ చెబుతుంటాను. మొన్న వాళ్ళ ముందే నా తెర ఎర్రబడింది. ఎందుకో నాకు తెలియలేదు. "ఏమైంది సార్?" అని ఒకమ్మాయి అడిగింది.

"ప్రాసెస్‌లో ఉందమ్మా" అన్నాను.